బావ ఆర్పని కర్పూరం

మా బావ కంపెనీ దగ్గర ఒక్క రింగిట్ కూడా పుచ్చుకోలేదు. ఈ మాట ముందే రాస్తున్నాను. మిగతాదంతా చదివే ఓపిక లేనివాళ్ళు ఈ ఒక్క వాక్యం చదివి పక్కన పెట్టినా నాకు చాలు. మలేషియాలో బంటింగ్ ఊరి పక్కనున్న మా రెండు వీధుల్లో ఆయన పేరెత్తితే "యూనియన్ని అమ్మేసి వ్యాను కొనుక్కున్నోడు" అనేవారు. బతికున్నప్పుడూ అన్నారు, పోయాకా అన్నారు. అది అబద్ధమని నాకు మొదటినుంచీ తెలుసు. ఆ యూనియన్ ఎందుకు ఓడిపోయిందో కూడా తెలుసు. ఓడించిన ఉపాయం నాది.

బావ అంటే మా అప్ప మొగుడు. అక్కని మేం అప్ప అంటాం. మా తాతలు శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి తోటల్లో పనికి ఓడెక్కినప్పుడు వెంట తెచ్చుకున్న మాటల్లో అదొకటి. మేమందరం ఒకే తోటలో పుట్టాం. తోట అమ్ముడుపోయి ఇళ్ళ స్థలాలుగా మారినప్పుడు కూలీల లైను ఇళ్ళు వదిలి ఈ వీధుల్లోకి వచ్చాం. తోటలో మా పెద్దలు కొలిచిన అమ్మవారిని కూడా లారీలో తెచ్చుకుని వీధి చివర చిన్న గుడి కట్టుకున్నాం. మగవాళ్ళు కొందరు లారీలు నడిపారు, కొందరు గార్డు పనులకు పోయారు. ఆడవాళ్ళలో ఎక్కువమంది రబ్బరు గ్లౌజుల ఫ్యాక్టరీలో చేరారు. బావ అక్కడే మెకానిక్కు. నేను ముందు లైను సూపర్‌వైజర్ని, తర్వాత సిబ్బంది వ్యవహారాలు చూసే ఆఫీసులో అసిస్టెంటుని.

ఆ ఫ్యాక్టరీ పని చూడనివాళ్ళకి కొంచెం చెప్పాలి. గొలుసుకు వేలాడే పింగాణీ చేతులు వరసగా వచ్చి రబ్బరు పాలల్లో మునుగుతాయి. అక్కణ్ణించి పొయ్యిల్లోంచి సాగి, వేడివేడిగా అవతల బయటపడతాయి. ఒక్కో చేతి మీంచి గ్లౌజు లాగి తీసి గంపలో వెయ్యాలి. గొలుసు ఆగదు. చెమటకి జాకెట్లు వీపుకి అంటుకుపోతాయి. కక్కసుకి వెళ్ళాలంటే లైనుకి ఒక్కటే ఉండే ఎర్ర ప్లాస్టిక్ బిళ్ళ మెడలో వేసుకుని వెళ్ళాలి. ఆ బిళ్ళ తిరిగొస్తే గాని ఇంకొకరు కదలకూడదు. నాకు పిన్ని వరసైన ఒకావిడ అలా ఆపుకుని ఆపుకుని ఒకరోజు లైను మీదే బట్టలు తడుపుకుంది. ఏడవలేదు. గ్లౌజులు తీస్తూనే ఉంది. పక్కన పొయ్యి బాగుచేస్తున్న బావ చూశాడు. పనిముట్లు అక్కడే పడేసి, తన చొక్కా విప్పి ఆవిడ నడుముకి కట్టి, ఆ చోట తను నిలబడి గ్లౌజులు లాగాడు. యూనియన్ అక్కడ మొదలైంది.

అప్పటికి నేను ఏసీ గదిలోకి మారాను. బావ ఎదురైనప్పుడల్లా ఆటపట్టించేవాడు.

"ఏటి బామ్మర్దీ, సలికి వొణికిపోతున్నావట. మీ అప్పనడిగి దుప్పటి పంపమంటావేటి?"

"నీకు కుళ్ళు బావా."

"కుళ్ళు కాదురా, జాలి. ఆ గదిలో ఎక్కువసేపు కూకుంటే మనిషి గెడ్డకట్టీసి సేపలాగ అయిపోతాడు."

అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి. ఇప్పుడు నిజం చెప్తున్నాను కాబట్టి ఇది కూడా చెప్పాలి: నాకు కడుపు మండేది. పదవి నాది, మర్యాద ఆయనది. నేను లైను వైపు వెళ్తే ఆడవాళ్ళు మాటలు ఆపేవారు. ఆయన వెళ్తే మొదలుపెట్టేవారు.

క్లాంగ్ పట్నంలో యూనియన్ వాళ్ళు పెట్టిన తరగతులకి బావ సెలవు పెట్టి వెళ్ళొచ్చాడు. ఆ ఆదివారం అప్ప ఇంటి ముందు ఆడవాళ్ళు ఎండు నెత్తళ్ళు ముందేసుకుని తలలు తుంచుతున్నారు. నేను నా మోటార్ సైకిల్ మీద కూర్చునే ఉన్నాను, దిగకుండా. బావ చాప మీద కూలబడి, తను విన్న కథ మొదలుపెట్టాడు.

"ఐర్లాండని ఒక దేశం. మన తాతలు తోటల్లో పనిసేసే కాలం నాటి మాట."

"అదెక్కడుంది అన్నా? లండన్ పక్కనేటి?" అంది ఒకావిడ.

"పక్కనే. అప్పుడు ఆల్లనీ తెల్లోడే ఏలతన్నాడు."

"ఆల్లూ తెల్లోళ్ళే కదా? తెల్లోణ్ణి తెల్లోడు ఏలతాడేటి, సాల్లే!"

"ఏలినాడే! మనల్ని ఏలినట్టే. అక్కడ డబ్లిన్ అని పట్నం. ట్రాములు నడిపేటోళ్ళు, రేవులో మూటలు మోసేటోళ్ళు కలిసి యూనియన్ పెట్టుకున్నారు. అది సూసి తౌకేలందరూ ఒకటైపోయినారు."

యజమానిని ఇక్కడ చైనీయుల మాటలో తౌకే అంటారు. మా వాళ్ళకి ప్రపంచంలో యజమానులందరూ తౌకేలే.

"ఒకటై ఏటి సేసినారు?"

"కాగితం తెచ్చినారు. నాను యూనియన్లో ఉండను, ఉన్నోళ్ళకి సాయం సెయ్యను అని దాని మీద సంతకం పెట్టు. పెట్టకపోతే గేటు బయటికి ఎల్లు."

"పెట్టినారా?"

"పెట్టనేదు. వేలమంది పెట్టనేదు. ఆ యూనియన్తో సమ్మంధం నేనోళ్ళు కూడా పెట్టనేదు. నా మనసులో ఏటుందో కాగితం మీద రాసియ్యమనడానికి నువ్వెవడివి అని బయటికొచ్చీసినారు. నెలలకి నెలలు పిల్లల్తో పస్తులున్నారు. ఇంగ్లండులో కూలోళ్ళు ఓడలో తిండి పంపినారట."

పిన్ని నెత్తళ్ళ మీంచి చూపు ఎత్తకుండా అడిగింది. "పస్తులుండి ఏటి సాధించినారు?"

బావ గడ్డం గోక్కున్నాడు. "అది రెండో రోజు సెప్తారట. మొదటి రోజు మాత్రం కోడికూర బాగుంది. అందుకే మళ్ళీ ఎల్తాను."

నవ్వులతో ఆ ప్రశ్న కొట్టుకుపోయింది. ఆయనకి జవాబు తెలుసనుకుంటాను. చాలా ఏళ్ళ తర్వాత నేను చదివి తెలుసుకున్నాను. వాళ్ళు ఓడిపోయారు. ఆకలికి తట్టుకోలేక ఎక్కువమంది తిరిగి పనికి వెళ్ళారు, కొందరు సంతకాలు పెట్టి మరీ వెళ్ళారు. అయినా యూనియన్ మాత్రం చావలేదు. ఆ ఆదివారం మా ఆడవాళ్ళకి కావలసింది మొదటి సగమే. ఆ వారంలోనే చాలామంది బావ దగ్గర సభ్యత్వానికి సంతకాలు పెట్టారు.

కంపెనీ ఆ యూనియన్ని గుర్తించనంది. అప్పుడు ప్రభుత్వ అధికారులు వచ్చి రహస్య ఓటింగు పెడతారు. అప్పటి పద్ధతిలో ఓటుకి రానివాళ్ళు కూడా యూనియన్ వద్దన్నట్టే లెక్క. నేపాల్ నుంచీ బంగ్లాదేశ్ నుంచీ వచ్చిన పనివాళ్ళు, వీసా పోతుందేమోనని ఎటూ తేల్చకుండా ఉన్నారు. అందుకే మా రెండు వీధుల ఆడవాళ్ళు వస్తే గెలుపు, రాకపోతే ఓటమి అన్నట్టుగా తయారైంది.

మేనేజరు నన్ను పిలిచి, మీవాళ్ళు ఏమనుకుంటున్నారని అడిగాడు. బావ చెప్పిన డబ్లిన్ కథ నేనాయనకి తమాషాగా చెప్పాను. ఆయన నవ్వలేదు.

"అలాంటి కాగితం మనం పెట్టలేం. ఇక్కడ చట్టం ఒప్పుకోదు. పట్టుబడిపోతాం" అన్నాడు.

"మావాళ్ళకి కాగితం అక్కర్లేదు సార్" అన్నాను.

ఆ మాట ఎవరూ నా నోట్లోంచి లాగలేదు. ఆఫీసులో నా పై కుర్చీ ఖాళీ అవబోతోందని తెలుసు. నా కొడుకు కాలేజీకి వచ్చాడు. కారణాలు ఇంతే, ఇంకా పెద్దవేమీ లేవు.

మా తోటల్లో తగువు వస్తే పోలీసుల దాకా వెళ్ళేవారు కాదు. కోడి పోయినా, పెళ్ళాం మీద అనుమానం వచ్చినా, అమ్మవారి ముందు రాతిపలక మీద కర్పూరం వెలిగించేవారు. ప్రమాణం చేసేవాళ్ళు మాట చెప్పి, ఆ మంట మీద అరచెయ్యి కొట్టి ఆర్పాలి. అబద్ధం చెప్పినా, తర్వాత మాట తప్పినా ఇంట్లో పసివాళ్ళకి తగులుతుందని నమ్మకం. కర్పూరం కొట్టినవాణ్ణి ఇంకెవరూ ఏమీ అడగరు. కొట్టనన్నవాణ్ణి కూడా ఏమీ అడగరు. వాడు తప్పు చేశాడని తేలిపోయినట్టే. కాగితం మీద సంతకం పెట్టి మర్చిపోయేవాళ్ళు మాలో చాలామంది ఉన్నారు. కర్పూరం కొట్టి మర్చిపోయినవాళ్ళని నేను చూడలేదు.

నేను గుడి కమిటీకి కార్యదర్శిని. తాళాలు నా దగ్గరే ఉండేవి. గుడికి కొత్త రేకులు కంపెనీ చేత వేయించి మంచి పేరు తెచ్చుకున్నాను. పూజ వంకతో ఆడవాళ్ళని ఇద్దరిద్దరుగా, ఒక్కొక్కసారి ఒంటరిగా రమ్మన్నాను. యూనియన్ వస్తే ఫ్యాక్టరీని వేరే దేశానికి ఎత్తేస్తారని చెప్పాను. అలాంటి మాట నాకు ఎవరూ చెప్పలేదు, నేనే కల్పించాను. ఓటింగుకి వెళ్ళనని ఒక ప్రమాణం, ఈ సంగతి ఎవరికీ చెప్పనని ఇంకొకటి చేయించాను.

పిన్ని వచ్చిన సాయంత్రం నాకు బాగా గుర్తుంది. పని బట్టల్లోనే వచ్చింది. చేతులకి రబ్బరు వాసన.

"ఒరే, మీ బావ దగ్గర సేరతానని సంతకం పెట్టినాను కదా. ఇప్పుడిది పాపం కాదేటి?"

"అది కాగితం పిన్నీ. ఇది అమ్మ ముందర."

"నిజంగా ఫ్యాక్టరీ ఎల్లిపోద్దా?"

"ఎల్లిపోద్ది."

"నా కోడలూ అక్కడే పని సేస్తంది. మనవడి బడి ఖర్చంతా దాని జీతమే." ఆవిడ మంట వైపు కాకుండా నా మొహం వైపు చూసింది. "నువ్వు సదువుకున్నోడివి. మాకంటే నీకు తెలుసు."

అరచెయ్యి ఎత్తి కొట్టింది. మసి అంటిన చేతిని చీర కొంగుకి తుడుచుకుని, అమ్మవారికి దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది. నేను పలక తుడిచి ఇంకో కర్పూరం బిళ్ళ పెట్టాను. బయట ఇంకో ఇద్దరు ఉన్నారు.

ఓటింగు క్యాంటీన్లో పెట్టారు. అధికారులు బల్లలు వేసుకుని కూర్చున్నారు. బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, ఆవరణలో దూరంగా ఉన్న మోటార్ సైకిళ్ళ షెడ్డు కింద నిలబడ్డాడు. నా కిటికీలోంచి కనబడుతూనే ఉన్నాడు. నేపాలీ కుర్రాళ్ళు కొందరు, ధైర్యం చేసి, గుంపుగా వచ్చి ఓటేశారు. మలయ్ ఆడవాళ్ళు వచ్చారు. మా వీధుల వాళ్ళు రాలేదు. కొందరు జ్వరమని క్లినిక్ చీటీలు పంపారు, కొందరు పనికొచ్చి కూడా లైను వదల్లేదు. బావ గేటు దాకా వెళ్ళి రోడ్డు అటూ ఇటూ చూసి వచ్చాడు. మళ్ళీ వెళ్ళాడు. అధికారులు పెట్టె మూస్తున్నప్పుడు కూడా గేటు దగ్గరే ఉన్నాడు.

సాయంత్రం ఇంటి దగ్గర నన్ను అడిగాడు. "రోగాలన్నీ మన వీధుల్లోనే పడ్డాయేటి బామ్మర్దీ? ఇంతమందికి ఒకేనాడు జొరమేటి?"

"వానలు కదా బావా. ఊరంతా జొరాలే."

ఆయన తల ఊపాడు. ఇస్త్రీ చొక్కా ఇంకా ఒంటి మీదే ఉంది.

ఓడిపోయారు. తేడా పెద్దది కాదు, మా ఆడవాళ్ళు వచ్చి ఉంటే గెలిచేవారు. కొద్దిరోజులకే మెకానిక్కు ఉద్యోగం ఒకటి అక్కర్లేదని కంపెనీ చెప్పి బావని పంపేసింది. ఆ ఆర్డరు టైపు చేసింది మా ఆఫీసులోనే. చట్టప్రకారం రావలసిన డబ్బు వచ్చింది. దానికి అప్ప గాజులు కలిపి బావ పాత వ్యాను ఒకటి కొన్నాడు, వీధుల్లో పిల్లల్ని కిరాయికి బడికి తీసుకెళ్ళడానికి. ఆ వ్యాను వీధిలోకి వచ్చిన రోజే మాట పుట్టింది.

ఎవరు పుట్టించారో నాకు తెలియదు. నేను పుట్టించలేదు. కానీ ఒకరోజు పొద్దున్న మామక్ కొట్లో, అంటే తమిళ ముస్లింల టీ కొట్లో, టీ తాగుతుంటే మా వీధివాడొకడు అడిగాడు. "మీ బావ ఎంతకి అమ్మినాడేటి యూనియన్ని? నీకు తెలీకుండా ఉంటాదేటి, ఆఫీసులో ఉన్నోడివి."

నేను చెంచాతో టీ కలుపుతూ, "ఇంటి ఇసయాలు నన్నడక్కండి" అన్నాను.

ఆ ఒక్క మాట చాలింది. బామ్మర్దే కాదనలేదని వీధంతా పాకింది. కర్పూరం కొట్టిన ఆడవాళ్ళే ఆ మాటని అందరికంటే గట్టిగా పట్టుకున్నారు. తప్పు ఆయనదైతే, ఓటుకి వెళ్ళకపోవడం వాళ్ళ గుండెల్లో అంత బరువుగా ఉండదు. ఈ సంగతి నాకు అప్పుడే అర్థమైంది. అర్థమై ఊరుకున్నాను.

మాటలు ముదిరాక కమిటీ పెద్ద గుడిలో సభ పెట్టాడు. బావని పిలిచి, డబ్బు పుచ్చుకోలేదని కర్పూరం కొట్టమన్నాడు. కార్యదర్శిని కాబట్టి బిళ్ళ పెట్టి వెలిగించింది నేను. అప్ప ఆడవాళ్ళ వైపు ఒక స్తంభాన్ని ఆనుకుని ఉంది. బావ పలక ముందుకి వచ్చి మంట వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాడు.

"నాను కొట్టను."

గుడిలో గొణుగుడు లేచింది. "తప్పు నేనోడికి భయమేటి?" అన్నాడు పెద్ద.

"భయం నేదు మావా. కొట్టను."

"అమ్మ అడుగుతుంటే కొట్టవా?"

"అమ్మ అడగనేదు. మీరడుగుతున్నారు."

"సూసినారా మాట! మొగుడి మాట సూసినావేటమ్మా?" అని పెద్ద అప్ప వైపు తిరిగాడు. అప్ప కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కర్పూరం ఎవరూ ఆర్పకుండా దానంతట అదే కరిగి ఆరిపోయింది. అంతా అయ్యేదాకా బావ కదల్లేదు. ఆ తర్వాత చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ గుడి మెట్లు ఎక్కలేదు.

డబ్లిన్ వాళ్ళలాగా పంతం పట్టాడని నేననుకున్నాను. కథలు విని చెడిపోయాడని మా ఆవిడతో అన్నాను కూడా. ఒక్క చరుపు చరిస్తే పోయేదానికి పేరు పోగొట్టుకున్నాడని లోపల్లోపల విసుక్కున్నాను. నాకు ఆ పై కుర్చీ దక్కింది.

తర్వాతి ఏళ్ళలో ఆయన నాతో మాట్లాడటం మానలేదు. అదే నాకు వింతగా ఉండేది. పండక్కి పిలిచేవాడు. నా కొడుకు పెళ్ళికి వ్యానులో అరటి గెలలు తెచ్చి పందిట్లో తనే కట్టాడు. కట్టింది ఆయనని తెలిసి కొందరు ఆ వైపు కూర్చోలేదు. మూత్రపిండాలు చెడి, వారానికి కొన్నిసార్లు ఆస్పత్రికి వెళ్ళాల్సి వచ్చినప్పుడు నేనే కారులో తీసుకెళ్ళేవాణ్ణి. దారిలో రేడియో పెట్టమనేవాడు. నేను చెప్పడానికి ఎన్నిసార్లు నోరు తెరిచానో! ప్రతిసారీ ఆయన పాట శబ్దం పెంచేవాడు. అది పాట మీద ఇష్టమే అనుకున్నాను.

నిరుడు పోయాడు. చావుకి మా వీధుల్లోంచి వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది వచ్చారు. వ్యానులో బడికెళ్ళిన పిల్లలు, ఇప్పుడు పెద్దవాళ్ళు, కొందరు వచ్చారు. పాడె మోయడానికి మనుషులు చాలక ఆస్పత్రి వ్యాను డ్రైవరు, తమిళ కుర్రాడు, ఒక భుజం పట్టాడు.

పదోరోజు పుట్టింటి చీర తీసుకుని అప్ప దగ్గరికి వెళ్ళాను. అది మా ఆచారం. మొగుడు పోయిన ఆడపడుచుకి అన్నదమ్ములు చీర పెట్టాలి. అప్ప చీర అందుకుని ఒళ్ళో పెట్టుకుంది. చాలాసేపు మడత మీద చెయ్యి రాస్తూ కూర్చుంది.

"ఆయనకి తెలుసురా" అంది.

ఏం తెలుసని అడగలేదు.

"ఓటింగైన వారంలోనే పిన్ని వొచ్చింది, పెరటి గుమ్మంలోంచి. మనవడికి జొరమొచ్చిందట. మీ ఆయనకిచ్చిన మాట తప్పినందుకే బిడ్డకి తగిలింది అని ఏడ్సింది. మీ తమ్ముడే కొట్టించినాడు అని సెప్పీసింది. ఇంకో ఒట్టు కూడా తప్పింది పాపం, సెప్పకూడదని ఏసిన ఒట్టు. ఆయన లోపల్నుంచి అంతా ఇన్నాడు."

"మరి గుడిలో ఎందుకు కొట్టలేదప్పా? నిజమే కదా ఆయన చెప్పేది!"

"ఆయన కొడితే అక్కడితో ఆగుద్దేటి? మరెవడు సేసినాడని అడుగుతారు. ఒకల్ల తరవాత ఒకల్లని పలక ముందుకి లాగుతారు. ఆడోళ్ళు నోరిప్పుతారు. అప్పుడు నువ్వు." అప్ప నా వైపు చూడలేదు. "ఎందుకు కొట్టనేదని నానూ అడిగినాను. నీకున్నది ఒక పుట్టిల్లే కదా అన్నాడు. మళ్ళీ ఆ మాట ఎత్తనీనేదు."

"తెలిసి ఇన్నాళ్ళు నాకు అన్నం పెట్టావా?"

"పెట్టినాను. నువ్వే సెప్తావని సూసినాను. ఇయ్యాల సెప్తావు, రేపు సెప్తావు అని."

చీర తిరిగి ఇవ్వలేదు, కట్టుకోనూ లేదు. బీరువా మీద పెట్టింది. అది ఇంకా అక్కడే ఉంది.

అప్పటికైనా నేను నోరు విప్పి ఉండాలి. విప్పలేదు. పోయినవాడికి ఇప్పుడు పేరెందుకని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నా చేత చెప్పించింది మా మేనకోడలు, బావ కూతురు. ఆ అమ్మాయి ఇదే పారిశ్రామికవాడలో ఇంకో ఫ్యాక్టరీలో పని చేస్తోంది. అక్కడ ఇప్పుడు యూనియన్ కోసం కదలిక మొదలైంది. మా వీధుల కోడళ్ళూ కూతుళ్ళూ చాలామంది అందులోనే ఉన్నారు. ముందు నిలబడేది మా మేనకోడలే. కానీ సభ్యత్వం అడగడానికి ఏ ఇంటికి వెళ్ళినా అత్తలు గుమ్మంలోనే ఆపేస్తున్నారు. మీ నాన్నలాగే నువ్వూ అమ్మేస్తావు, మా పిల్లల జోలికి రావద్దు, అంటున్నారు.

ఆమె మా ఇంటికి వచ్చి కూర్చోలేదు. చదువంతా తమిళంలో కావడంతో తెలుగు తనకి అర్థమవుతుంది గాని మాటలు తడుముకోవాలి, చివర ఇక్కడివాళ్ళందరిలా ఒక 'లా' తగిలిస్తుంది.

"మామా, అమ్మ అన్నీ సెప్పింది. కోపం సెప్పడానికి నాకు తెలుగు సాలదు లా. తమిళంలో సెప్తే మీకు ఇంకా నొప్పి ఉంటది."

"చెప్పమ్మా. ఏ భాషలోనైనా చెప్పు."

"వద్దు. మీరే సెప్పండి. నాకు కాదు, ఆల్లకి. గుడిలో, అందరి ముందర. నాన్న పేరు బాగు సెయ్యకపోతే నా వెనక ఎవరూ రారు. అంతే లా, మామా."

గుడి ఏడాది సభలో లేచి నిలబడి చెప్పాను. కాగితం చూడలేదు. మేనేజరు గదిలో అన్న మాట, ఫ్యాక్టరీ పోతుందని కల్పించిన అబద్ధం, కర్పూరం, టీ కొట్లో నా జవాబు, అన్నీ. ఆడవాళ్ళ పేర్లు చెప్పలేదు. పేర్లు చెప్పనక్కర్లేకుండానే కొన్ని తలలు వంగిపోయాయి. అప్ప ఆ రోజు రాలేదు. మేనకోడలు గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడింది.

"ఆయన పోయినాక సెప్తే లాభమేటి అంకుల్?" అన్నాడు ఒక కుర్రాడు. వాడు చిన్నప్పుడు ఆ వ్యానులోనే బడికెళ్ళాడు.

లాభం లేదని ఒప్పుకున్నాను. అంతలో పిన్ని లేచింది. ఇప్పుడావిడ చేతికర్ర లేకుండా నిలబడే స్థితిలో లేదు.

"ఈడొక్కడిదే కాదు. నానూ కొట్టినాను. కొట్టి, సిగ్గు నేకుండా ఆ మనిసినే నోటికొచ్చినట్టు అన్నాను. నా ఒంటి మీద ఆయన సొక్కా కట్టినాడు. ఆయన్నే అన్నాను."

ఆవిడ కూర్చుంది. తనూ కొట్టానని ఇంకెవరూ లేవలేదు. నన్ను కమిటీ నుంచి తీసేశారు. తాళాలు అక్కడే బల్ల మీద పెట్టేసి వచ్చాను.

మేనకోడలు మళ్ళీ ఇల్లిల్లూ తిరుగుతోంది. కొన్ని తలుపులు తెరుచుకున్నాయి, కొన్ని తెరుచుకోలేదు. ఆ యూనియన్ వస్తుందో రాదో నాకు తెలియదు. బావని మాత్రం ఇప్పుడు ఎవరూ ఏమీ అనడం లేదు. అసలు ఆయన మాటే ఎత్తడం మానేశారు. అప్ప కనబడితే చాలు, వీధిలో మాటలు ఆగిపోతున్నాయి. తిట్టినవాళ్ళకి ఇప్పుడు ఆవిడ మొహం చూడ్డం కష్టంగా ఉంది.

పోయిన వారం సరుకుల కొట్లో ఇద్దరం కలిశాం. నన్ను చూసి అప్ప వెళ్ళిపోలేదు, పలకరించనూ లేదు. కాసేపయ్యాక బుట్టలోకి చూస్తూ, "తిట్టినన్నాళ్ళూ ఆయన పేరైనా ఇనపడేది" అంది.

కొట్టు నడిపే ఆమె ఉల్లిపాయలు తూస్తోంది. ఆవిడ కూడా ఒకప్పుడు నా ముందు పలక మీద చెయ్యి కొట్టింది. నేను గట్టిగానే అన్నాను. "మీ అబ్బాయి మా బావ వ్యానులో ముందు సీట్లో కూర్చునేవాడు కదమ్మా."

ఆవిడ తూకం మీంచి కళ్ళు తియ్యలేదు. ఒక ఉల్లిపాయ తీసింది, మళ్ళీ వేసింది.

"కూకునేవోడు" అంది చివరికి. "బడికంటే ఏడుపు మావోడికి. మీ బావ ఏదో పాట పాడి నవ్వించేవోడు. సాయంత్రం ఇంటికొచ్చి ఆడూ అదే పాడేవోడు, ఇల్లంతా."

అప్ప బుట్ట కింద పెట్టింది.

"ఏ పాట?"

కొట్టామె నోరు తెరిచి ఆగింది. మా వెనక సరుకులకి వచ్చినవాళ్ళు ఒకరిద్దరు నిలబడ్డారు. ఎవరూ తొందర పెట్టలేదు.

"గుర్తు రావట్లేదమ్మా" అంది. "మావోణ్ణి అడుగుతాను. ఆడికి గుర్తుంటాది."